మడ నేలల్లో పెరిగే ఉప్పు కూర: బీపీ ఉన్నవాళ్లు తినొచ్చా?

కోరంగి మడ అడవుల అంచున, కృష్ణా నది సముద్రంలో కలిసే చోటి ఉప్పు నేలల్లో ఆకుల్లేని ఓ చిన్న మొక్క గుబురుగా పెరుగుతుంది. కణుపులు కణుపులుగా పచ్చని కాడలు, గిల్లితే నీళ్లు. నోట్లో పెట్టుకుంటే ఉప్పన. ముదిరాక ఎర్రబడుతుంది. దీన్ని సాలికోర్నియా అంటారు, తమిళనాడులో ఉమరి కీరై. యూరప్‌లో శాంఫైర్ పేరుతో చేపలతో కలిపి తింటారు. దుబాయ్‌లోని అంతర్జాతీయ బయోసెలైన్ వ్యవసాయ కేంద్రమైతే సముద్రపు నీళ్లను మంచినీళ్లు చేయగా మిగిలిన ఉప్పునీటిని ముందు చేపల చెరువులకు, ఆ తర్వాత ఈ పంటకు పెట్టి పెంచింది.

మనకు ఇది మరీ కొత్తదేం కాదు. ఇలాంటి ఉప్పు మొక్కల బూడిదను అరబ్బులు అల్-ఖలీ అన్నారు. స్కూల్లో కెమిస్ట్రీలో చదివిన ‘ఆల్కలీ’ ఆ మాటే. దానితో సబ్బు, గాజు చేసేవారు. ఫిఖ్ కితాబుల్లో మయ్యత్ గుస్ల్ గురించి చెప్పేచోట రేగాకుతో పాటు కనిపించే ఉష్నాన్ కూడా ఉప్పు మొక్కల నుంచి వచ్చిందే.

ఇక అసలు ప్రశ్న. భావ్‌నగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ ఈ మొక్క నుంచి ఉప్పు తీసే పద్ధతి కనిపెట్టింది. మొక్క ఉప్పు కదా, బీపీకి ఏం కాదులే అని ఎవరైనా అంటే నమ్మకండి. మొక్క పీల్చుకునేది సముద్రపు ఉప్పే, అందులోనూ సోడియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు చాలంటోంది, ఈ కూరలోదీ ఆ లెక్కలోకే వస్తుంది. సోడియం తగ్గించిన ఉప్పుల్లో చాలావాటికి పొటాషియం కలుపుతారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు అది ప్రమాదం, డాక్టర్‌ని అడగకుండా మార్చొద్దు.

వండాలంటే లేత కొసలే తీసుకోవాలి, ముదురు కాడల్లో పీచు ఉంటుంది. రెండు మూడు నీళ్లలో కడిగి, ఎక్కువ నీళ్లు పోసి రెండు నిమిషాలు ఉడికించి, ఆ నీళ్లు పారబోయాలి. తర్వాత వెల్లుల్లి, ఎండుమిర్చితో పోపు. అలవాటు కొద్దీ చెయ్యి ఉప్పు డబ్బా మీదకు పోతుంది, అదే ఆపుకోవాలి.

ఎక్కడ పడితే అక్కడ కోయడం మాత్రం మంచిది కాదు. ఫ్యాక్టరీ నీళ్లు, రొయ్యల చెరువుల మురుగు చేరేచోట పెరిగిన మొక్క ఆ విషాలనూ పీల్చుకుంటుంది. కోరంగి అయితే అభయారణ్యం, అటవీశాఖ అనుమతి లేకుండా అక్కడ ఏమీ కోయకూడదు.