పండితుడు మళ్ళీ విద్యార్థి కావాలంటే

ఒక శాస్త్రంలో ఇరవై యేళ్ళు కృషిచేసిన మనిషి, సంఘజీవనాన్నీ మానవ ప్రవర్తననూ పరిశీలించే విద్యను కొత్తగా నేర్చుకోదలిస్తే, ఆ నేర్చుకునే కాలంలో అతని ఇల్లు గడిచేదెట్లా? ప్రశ్న చిన్నదిగానే కనిపిస్తుంది. కాని దీనికి ఎవరో ఒకరు జవాబు చెప్పినందువల్ల ఏం జరుగుతుందో ఆదిలాబాదు చరిత్రలో చూడవచ్చు.

వియన్నాకు చెందిన ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1931లో డాక్టరేటు పొందారు. పరిశోధన అస్సాం, బర్మా కొండజాతుల మీద; ఆ కొండలను మాత్రం ఆయన అప్పటికి చూడనేలేదు! అంతా గ్రంథాలయంలో గడించిన విద్య. తర్వాత రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఉపకారవేతనంతో లండను వెళ్ళి, మాలినోవ్‌స్కీ గోష్ఠులలో విద్యార్థిగా కూర్చున్నారు. జనం మధ్య నివసించడం, వారి భాషలోనే మాట్లాడడం, చూసింది చూసినట్లు రాసుకోవడం అక్కడి పద్ధతి. ఆ ధనం ఇచ్చినవారు ఆదిలాబాదు పేరైనా విని వుండరు.

1939లో యుద్ధం వచ్చింది. జర్మన్ పాస్‌పోర్టు కారణంగా ఆయన హైదరాబాదు సంస్థానంలోనే వుండిపోవలసి వచ్చింది. 1940లో జోడేఘాట్ వద్ద కొమురం భీము పోలీసు కాల్పులలో మరణించాడు. అడవి భూముల తగాదాకు మూలమేమిటో తెలుసుకోవలసిన అవసరం నిజాం ప్రభుత్వానికి అప్పుడు కలిగింది. హైమన్‌డార్ఫ్ గోండుల మధ్య మకాం వేసి, వారి భూములు పరుల పాలవుతున్న తీరును ప్రభుత్వానికి తెలియజేశారు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. గోండీ వాచకాలు దేవనాగరి లిపిలో వెలువడ్డాయి. 1945లో ఆయన ప్రభుత్వ సలహాదారుగా, ఉస్మానియాలో ఆచార్యులుగా నియమితులైనారు. వేలాది కుటుంబాలకు పట్టాలు దక్కాయి. ఇదంతా ఒక్కరి ఘనతని చెప్పడం అన్యాయం. సంస్థానపు అధికారి సేతుమాధవరావు పగ్డీ కూడా గోండీ నేర్చి, 1949లో ఆదిలాబాదు గోండుల మీద గ్రంథం ప్రకటించారు.

నడివయసులో కొత్త విద్యకు పూనుకోవడం ముస్లిం పండితులకు తెలియని సంగతి కాదు. అల్ బిరూనీ గణిత, ఖగోళ శాస్త్రాలలో పేరుగన్న తర్వాత, నలభై దాటిన వయసులో సంస్కృతానికి పూనుకొని, 1030 ప్రాంతంలో కితాబుల్ హింద్ రచించారు.

ఇటీవలి కాలంలో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు అనుభవజ్ఞులైన పరిశోధకులకు, ఒక గురువు పర్యవేక్షణలో ప్రవర్తనా, సామాజిక శాస్త్రాలు నేర్చుకొనేందుకు ప్రత్యేకంగా ధనసహాయం చేశాయి. మన దేశంలో 1969లో ఏర్పడిన భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి సీనియర్ ఫెలోషిప్పులు ఇస్తున్నది. అవి ప్రధానంగా ఆ రంగాలలోనే ఎదిగినవారికి. ఇతరులకు మిగిలేది పది పన్నెండు రోజుల శిక్షణ శిబిరం. కళాశాల ఉపాధ్యాయునికి జీతం ఆపకుండా సెలవిచ్చి, బదులు ఉపాధ్యాయుని ఖర్చు తానే భరించే పద్ధతిని యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ ఒకప్పుడు నడిపింది. నిజానికి అన్నిటికంటె ఉపయోగపడేది అదే.

పూర్వపు కరీంనగర్ జిల్లాలో పరిశీలించవలసిన విషయాలకు కొదవలేదు: జగిత్యాల నుండి గల్ఫుకు పోయినవారి కుటుంబాలు, సిరిసిల్ల మరమగ్గాల కార్మికులు, బీడీలు చుట్టే స్త్రీలు. వీరిని ఎరిగినవాడు అక్కడి కళాశాలలో ఉర్దూనో రసాయన శాస్త్రమో చెప్పే అధ్యాపకుడు. భర్త దుబాయిలో వున్న ఇల్లాలు అప్పు గురించి అడిగితే ఎందుకు మాట మారుస్తుందో పది రోజుల శిబిరంలో బోధపడదు. అతనికి కావలసింది ఆగని జీతంతో ఒక సంవత్సరం, అందులో సగం కాలం ఆ గడపల ముందే.