నాన్నగారి కాలిక్రింద పెడల్

మా పాత పికప్ బండిని చూసినవారు సాధారణంగా రెండు ప్రశ్నలు వేస్తారు. "ఇంకా నడుస్తోందా?" అనేది మొదటిది. "పాత ఇనుముకు వేస్తే ఎంత వస్తుంది?" అనేది రెండవది. మొదటి ప్రశ్నకు నాన్నగారు నవ్వుతారు. రెండవదానికి జవాబు చెప్పరు.

అది మహీంద్రా ఎఫ్.సి. 150. ముందు భాగంలో పొడవాటి బానెట్ ఉండదు. డ్రైవరు ఇంజనుకంటె ముందుగా, ఎత్తులో కూర్చుంటాడు. ఇంజను మాత్రం క్యాబిన్‌లోనే, రెండు సీట్ల నడుమ, రేకు మూత క్రింద ఉంటుంది. అమెరికాలో విల్లీస్ కంపెనీ ఈ నమూనాను 1956 చివర ప్రకటించింది. బ్రూక్స్ స్టీవెన్స్ అనే ఆయన దాని రూపం గీశాడు. అక్కడ 1965తో ఆగిపోయినా, మన దేశంలో మహీంద్రావారు దానిని తయారుచేశారు. ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ మధ్య దూరం 81 అంగుళాలే గనుక తోటలో చెట్ల సందున ఎక్కడైనా తిరుగుతుంది. మామిడి కోతల రోజుల్లో ఆ బండి చేసే పని ఎద్దులు కూడా చేయలేవు.

2022 మే నెలలో ఒక తెల్లవారుజామున ఆగిరిపల్లి వైపునుండి నున్న మార్కెట్టుకు కాయలు తీసుకొని బయలుదేరాము. నాన్నగారు నడుపుతున్నారు, అమ్మ ప్రక్కన కూర్చుంది. అన్నదమ్ములం ఇద్దరమూ వెనుక ట్రేల మధ్య ఉన్నాము. చెరువు గట్టు దిగే మలుపులో నాన్నగారు పెడల్‌మీదనుండి కాలు తీశారు. బండి మాత్రం వేగం తగ్గలేదు. బ్రేకు తొక్కితే ఇంజను దానికి ఎదురు తిరిగింది. క్లచ్ తొక్కగానే బరువు తప్పిపోయి ఇంజను కీచుమని అరవసాగింది. ఎదురుగా గొర్రెల మంద, దాని ముందు ఒక పిల్లవాడు. నాన్నగారు తాళం త్రిప్పేశారు. ఇంజను గొంతు పడిపోయింది. పిల్లవాడికి రెండు బారల దూరంలో బండి ఆగింది.

మూత ఎత్తి చూశాము. పెడల్‌నుండి వచ్చే రాడ్డు కొస జాయింటు ఏనాడో అరిగిపోయింది. దానికి కట్టుతీగ చుట్టి ఉంది. ఆ తీగ కొక్కెంలా వంగి, ప్రక్కనున్న క్రాంకు అంచును పట్టుకొని వదలలేదు. ఆ తీగ కట్టింది ఎవరో కాదు, మేమే. అంతకుముందు సంవత్సరం, "కోతలయ్యాక చూద్దాంలే" అని కట్టాము. నాన్నగారు తీగను చూశారు, మమ్మల్నీ చూశారు. ఒక్క మాట అనలేదు. ఇంటికి వచ్చాక తాళం తీసి అమ్మ చేతికిచ్చి, "పాత ఇనుము కొనే అతనికి కబురు చేయండి. నేనిక నడపను" అన్నారు. డెబ్బయ్యొక్క ఏళ్ళ మనిషి ఆ మాట ఎందుకన్నారో మాకు తెలుసు. తిట్టి ఉంటే బాగుండేది.

కబురు చేయలేదు. వారం రోజులు వ్యవధి అడిగాము.

ఈ ఏర్పాటు చూడటానికి చిన్నది. పెడల్ ఒక రాడ్డును నెట్టుతుంది. అది మోచేయిలా వంగిన ఒక క్రాంకును త్రిప్పుతుంది. క్రాంకు రెండవ రాడ్డును లాగుతుంది. ఆ రాడ్డు కార్బురేటరులోని గుండ్రటి రేకును తెరుస్తుంది. ఎంత తెరిస్తే అంత గాలి, దానితోపాటు అంత పెట్రోలు. మెకానిక్కులు దీనినంతా కలిపి 'ఎక్సలేటర్ రాడ్లు' అంటారు. ఒక్కొక్క కీలు దగ్గర కొంచెం కొంచెంగా అరుగుతూ వస్తే, చివరకు పెడల్ సగం దిగేవరకు రేకు కదలనే కదలదు.

విజయవాడ ఆటోనగర్‌లో కొత్త రాడ్లు, బాల్ జాయింట్లు దొరికాయి. ఇంటికి తెచ్చి బిగించబోతే ఒక జాయింటు వదులుగా ఆడింది. దుకాణంవారు ఇచ్చింది 6 మిల్లీమీటర్ల మరది. మా బండిది పాత అమెరికా కొలత, పావు అంగుళం. చేతికి రెండూ ఒకేలా ఉంటాయి. నాలుగు చుట్లు పట్టినట్టే పట్టి, బరువు పడగానే ఊడివస్తాయి. పాత వాహనమున్నవారెవరైనా సరే, దుకాణానికి పాత ముక్కను చేతబట్టుకొని వెళ్ళండి. మేము మళ్ళీ బస్సెక్కి వెళ్ళాము.

రెండవ చిక్కు ఇంజను దిమ్మలది. ఇంజను రబ్బరు దిమ్మలమీద కూర్చుంటుంది, క్లచ్ వదలినప్పుడు కాస్త ఊగుతుంది. పెడల్ బాడీకి బిగించి ఉంటుంది, కార్బురేటరేమో ఇంజనుమీద ఉంటుంది. దిమ్మ నలిగిపోతే ఇంజను ఊగినప్పుడల్లా రాడ్డు దానంతటదే లాగబడుతుంది, బండి కప్పగంతులు వేస్తుంది. మా ఎడమవైపు దిమ్మ అప్పడంలా అణగిపోయి ఉంది. మొదట దానిని మార్చాము. అది మార్చకుండా రాడ్డు కొలత సరిచేయడం ఊగే ఉయ్యాలలో బిడ్డను నిలబెట్టి ఎత్తు కొలిచినట్టే.

ఇక కొలత. ఇంజను ఆపి, గాలి వడపోత తీసి, ఒకరం పెడల్ దగ్గర, ఒకరం టార్చిలైటుతో కార్బురేటరు దగ్గర కూర్చున్నాము. కాలు తీసినప్పుడు రేకు పూర్తిగా మూసుకొని ఐడిలింగ్ స్క్రూకు ఆనాలి. నేలకు తొక్కినప్పుడు రేకు నిట్టనిలువుగా నిలవాలి. మొదటిసారి రాడ్డు పొట్టిదై, పెడల్ నేలకు తగలకముందే రేకు పూర్తిగా తెరుచుకుంది. అలా వదిలేస్తే తొక్కే కాలి బలమంతా కార్బురేటరుమీదా రాడ్డుమీదా పడి ఏదో ఒకటి వంగుతుంది. రాడ్డు పొడవు సరిచేశాక, పెడల్ క్రింద ఒక చిన్న బోల్టు అడ్డుగా పెట్టాము. బలం అక్కడ ఆగుతుంది. జాయింట్ల వెనుక లాక్‌నట్లు బిగించి, పిన్నులన్నీ కొత్తవి వేశాము.

వెనక్కు లాగే స్ప్రింగు పాతది సాగిపోయి ఉంది. దాని స్థానంలో ఒకటి కాక రెండు వేశాము, వేర్వేరు కొక్కేలకు. ఒకటి తెగినా రెండవది రేకును మూస్తుంది. కీళ్ళకు గ్రీజు పూయవద్దని మెకానిక్ చెప్పాడు. మన దారుల దుమ్మంతా దానికే అంటుకొని, అదే ఆకురాయిలా అరగదీస్తుందట. కిరోసినుతో కడిగి, ఒక్కొక్క చుక్క నూనె వేశాము. రెండు ప్రయాణాల బస్సు ఛార్జీలతో కలిపి ఖర్చు పదిహేను వందలకు లోపే అయింది. ఒక సంవత్సరంపాటు "తర్వాత చూద్దాం" అన్నది ఇంతకే!

ఆదివారం సాయంత్రం నాన్నగారిని వాకిట్లోకి పిలిచాము. ఎక్కలేదు. మూత ఎత్తమన్నారు. కళ్ళజోడు పెట్టుకొని, ఒక స్ప్రింగు విప్పించి, రెండవదానితో రేకు మూసుకుంటుందో లేదో వ్రేలితో కదిపి చూశారు. దాన్ని బిగించి, మొదటిది విప్పించి మళ్ళీ చూశారు. "తీగ ఎక్కడ?" అని అడిగారు. తెచ్చి చూపించాము. చొక్కా జేబులో వేసుకున్నారు.

అప్పుడు ఎక్కి కూర్చొని స్టార్టు చేశారు. ఇంజను వేడెక్కేవరకు ఆగి, పెడల్ తొక్కి, చటుక్కున వదిలారు. శబ్దం లేచి, వెంటనే పడిపోయింది. మళ్ళీ తొక్కి వదిలారు. అలా ఎన్నిసార్లు చేశారో లెక్కపెట్టలేదు. లోపలినుండి అమ్మ తాళం గుత్తిలోని ఇంటి తాళాలు మాత్రం వేరుచేసుకొని, "చీకటి పడకముందే చెరువు దాకా వెళ్ళి రండి" అంది.