పొగకు వెల కట్టిన సూరత్

పొగగొట్టం నుంచి వెలువడే పొగకు వెల లేనంత కాలం, దాని మూల్యం చెల్లించేది ఆ చుట్టుపక్కల నివసించే పేదలే. కలిగినవారు గాలిని శుద్ధి చేసే యంత్రాలు కొనుక్కోగలరు, దూరంగా ఇల్లు కట్టుకోగలరు. కూలీకి ఆ వెసులుబాటు లేదు. లాభం ఒకరిది, ఉబ్బసం మరొకరిది. ఒకరి ఉత్పత్తి వల్ల కలిగే నష్టం సంబంధం లేని ఇతరులపై పడటాన్ని ఆర్థికశాస్త్రం 'బాహ్య ప్రభావం' అంటుంది. ఆ నష్టాన్ని తిరిగి ఫ్యాక్టరీ ఖాతాలోకి చేర్చడమే దీనికి పరిష్కారం.

వస్త్ర పరిశ్రమకు పేరొందిన గుజరాత్‌లోని సూరత్‌లో 2019లో ఈ ప్రయత్నం మొదలైంది. సూక్ష్మ ధూళి కణాలకు సంబంధించి ప్రపంచంలోనే తొలి ఉద్గారాల మార్కెట్ ఇది.

ఎలా పనిచేస్తుంది?

బొగ్గు వంటి ఇంధనాలు మండించే ఫ్యాక్టరీలన్నీ కలిసి ఎంత ధూళి వదలవచ్చో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి పరిమితి విధిస్తుంది. ఆ మేరకు పర్మిట్లు జారీ అవుతాయి. 80 శాతం ఉచితంగా ఇచ్చి, మిగిలినవి వేలం వేస్తారు. పొగగొట్టాలకు అమర్చిన పరికరాలు ఉద్గారాలను నిరంతరం నమోదు చేస్తాయి. తక్కువ ఖర్చుతో ధూళిని అరికట్టగలిగిన ఫ్యాక్టరీ, మిగిలిన పర్మిట్లను అమ్ముకుంటుంది. అలా చేయలేనిది కొనుక్కోవాలి. పర్మిట్లకు మించి వదిలితే పరిహారం చెల్లించాలి.

ఫలితం ఏమిటి?

మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణి పాండే, నికోలస్ ర్యాన్, అనంత్ సుదర్శన్ 317 ఫ్యాక్టరీలపై అధ్యయనం చేశారు. దాదాపు సగాన్ని లాటరీ పద్ధతిలో మార్కెట్‌లో చేర్చి, మిగిలినవాటిని పాత నిబంధనల కిందే ఉంచారు. మార్కెట్‌లోని ఫ్యాక్టరీల ధూళి ఉద్గారాలు 20 నుంచి 30 శాతం తగ్గాయి. కాలుష్య నివారణ వ్యయం కూడా 11 శాతం తక్కువైంది.

ఈ విధానానికి ఒక పరిమితి ఉంది. నగరం మొత్తం మీద కాలుష్యం తగ్గినా, పర్మిట్లు కొనుక్కున్న ఫ్యాక్టరీ పక్కనున్న బస్తీకి ఆ ఊరట అందకపోవచ్చు. అందువల్ల మొత్తం పరిమితితో పాటు స్థానిక గాలి నాణ్యతపైనా నిఘా తప్పనిసరి.

వాతావరణ మార్పుకు కారణమయ్యే వాయువుల కోసం కేంద్ర ప్రభుత్వం 2023లో కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకాన్ని నోటిఫై చేసింది. సూరత్ అనుభవం దానికి ఇచ్చే సూచన స్పష్టం: కొలతలు నమ్మదగినవైతేనే, ఉల్లంఘనకు పరిహారం కచ్చితంగా వసూలైతేనే పొగకు కట్టిన వెలకు అర్థం ఉంటుంది. లేనిపక్షంలో ఆ భారం మళ్లీ బస్తీవాసుల ఊపిరితిత్తులదే.