డాక్యుమెంటరీల సంత

కథాచిత్రానికి నిర్మాత దొరుకుతాడు, పంపిణీదారు దొరుకుతాడు, శుక్రవారం నాటికి థియేటర్ దొరుకుతుంది. డాక్యుమెంటరీకి ఈ మూడింట్లో ఏదీ సులువుగా దొరకదు. మన దేశంలో చాలాకాలం డాక్యుమెంటరీలు తీయించిందీ, చూపించిందీ ప్రభుత్వమే. 1948లో ఏర్పడిన ఫిలిమ్స్ డివిజన్ తీసిన న్యూస్‌రీళ్లను, లఘుచిత్రాలను థియేటర్లలో అసలు సినిమాకు ముందు తప్పనిసరిగా వేసేవారు. జనంలో సగంమంది అవి అయిపోయేదాకా బయట సోడా తాగుతూ నిలబడేవారు. ఆ ఏర్పాటు పోయాక సొంతంగా తీసేవాళ్లు రెండు ప్రశ్నలతో మిగిలారు: డబ్బు ఎవరిస్తారు, బొమ్మ ఎవరు చూస్తారు? ఆ రెంటికీ జవాబు వెతుక్కునే చోటే డాక్యుమెంటరీ సదస్సు.

సదస్సు అనగానే వేదిక, దండలు, ఉపన్యాసాలు గుర్తొస్తాయి. ఇక్కడ జరిగేది వేరు. ఒక హాల్లో పూర్తయిన చిత్రాలు ప్రదర్శిస్తుంటారు, పక్క గదిలో ఎడిటింగ్ మీదో ధ్వని మీదో పాఠం నడుస్తుంటుంది, ఇంకో గదిలో ఇంకా పూర్తికాని చిత్రాల బేరం సాగుతుంటుంది. మూడూ అన్నిచోట్లా ఉండవు. కొన్ని ఉత్సవాలు ప్రదర్శనకే పరిమితం, కొన్ని బేరానికే. ఎక్కడికి వెళ్తున్నామో తెలుసుకోకుండా వెళ్లేవాళ్లు చాలామంది సినిమాలు చూసి, టీ తాగి, తిరుగు రైలెక్కేస్తారు.

ఇలాంటి సదస్సుల్లో పేరుమోసినవి చాలావరకు యూరప్‌లో ఉన్నాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1988 నుంచి, బ్రిటన్‌లోని షెఫీల్డ్‌లో 1994 నుంచి జరుగుతున్నాయి. ఆసియాకు తన వేదిక తనకు కావాలన్న మాట గట్టిగా వినిపించింది 1989లో, జపాన్‌లోని యమగాటలో. ఆ ఊళ్లో మొదటి అంతర్జాతీయ డాక్యుమెంటరీ ఉత్సవం జరిగితే పోటీ విభాగంలోకి ఒక్క ఆసియా చిత్రమూ రాలేదు. ఆతిథ్యం ఆసియాది, పోటీ మిగతా ప్రపంచానిది! ఆ ఉత్సవానికి ప్రాణంపోసిన దర్శకుడు ఒగావా షిన్సుకే పూనికతో ఆసియా దర్శకులు అక్కడే కూర్చుని, తమ చిత్రాలు ఎందుకు వెనకబడ్డాయో చర్చించి ఒక ప్రకటన విడుదల చేశారు. ఆసియా కొత్త దర్శకులకు ఆ ఉత్సవం ఇచ్చే బహుమతికి ఇప్పుడు ఒగావా పేరే ఉంది. అన్నట్టు, యమగాటలో అసలు చర్చలు హాళ్లలో కాదు, రాత్రి పొద్దుపోయాక ఓ పాత పచ్చళ్ల వ్యాపారి ఆవరణలో జరిగేవి. దర్శకుడూ, విమర్శకుడూ, ఊరివాళ్లూ చాపల మీద ఒకే వరసలో కూర్చునే ఆ చోటు చాలా ఏళ్లపాటు ఉత్సవమంత పేరు తెచ్చుకుంది.

దక్షిణాసియాకు అలాంటి కూడలి కఠ్మాండు అయింది. హిమాల్ అసోసియేషన్ 1997లో మొదలుపెట్టిన ‘ఫిలిం సౌత్ ఏషియా’ రెండేళ్లకోసారి జరిగేలా రూపొందింది. ఢిల్లీయో లాహోరో కాకుండా కఠ్మాండు ఎందుకంటే, జవాబు వీసాలో ఉంది. భారతీయులకు నేపాల్ వెళ్లడానికి వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్లేవాళ్లకు పాస్‌పోర్టో, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డో చాలు. పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక వాళ్లకు అక్కడ దిగాక వీసా ఇస్తారు. ఢిల్లీలో లాహోర్ దర్శకుడినీ, లాహోర్‌లో హైదరాబాద్ దర్శకుడినీ కలవడం ఎంత కష్టమో తెలిసినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. ఉత్సవం అయ్యాక ఎంపిక చేసిన చిత్రాలను మూటగట్టి ఊరూరా, విశ్వవిద్యాలయాలకూ తిప్పే ఏర్పాటు కూడా ఉంది.

ఇలాంటి చోట ఇంకో సుఖం ఉంది. కులమంటే ఏమిటో, దేశవిభజన అంటే ఏమిటో, రుతుపవనం ఆలస్యమైతే ఏమవుతుందో చూసేవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. యూరప్‌లో మొదటి పది నిమిషాలు ఆ వివరణకే పోతాయి. అయితే ఒక మాట ఒప్పుకోవాలి: డబ్బు ఇప్పటికీ ఎక్కువగా యూరప్, అమెరికా, జపాన్‌ల చేతుల్లోనే ఉంది. ఆమ్‌స్టర్‌డామ్ ఉత్సవానికి అనుబంధంగా ఉన్న బెర్తా ఫండ్, అమెరికాలోని సన్‌డాన్స్ సంస్థ ఇచ్చే నిధి, జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే వంటివి లేకపోతే మన దగ్గర చాలా చిత్రాలు హార్డ్ డిస్కుల్లోనే ఉండిపోయేవి. అందుకే ప్రాంతీయ సదస్సులు ఆ డబ్బు ఉన్నవాళ్లను ఇక్కడికి రప్పించే పనిలో పడ్డాయి.

ఆ పని శ్రద్ధగా చేసింది కోల్‌కతా. ‘డాక్‌ఎడ్జ్’ పేరుతో 2004 నుంచి అక్కడ నడుస్తున్న ఆసియా వేదిక దృష్టంతా పూర్తికాని చిత్రాల మీదే. దాని వెనకున్న నీలోత్పల్ మజుందార్ స్వయంగా దర్శకుడు, సినిమా పాఠాలు చెప్పినవాడు. పూర్తికాని చిత్రాల బేరానికే ‘పిచింగ్’ అని పేరు. చూడనివాళ్లకు అర్థం కావాలంటే ఆ గదిలోకి ఒకసారి తొంగిచూడాలి.

పొడుగాటి బల్ల చుట్టూ డజనుకు పైగా మనుషులు. వాళ్లలో కమిషనింగ్ ఎడిటర్లు ఉంటారు, అంటే ఏ చిత్రానికి తమ చానల్ డబ్బు పెట్టాలో తేల్చే ఉద్యోగులు. నిధుల ప్రతినిధులు, ఉత్సవాలకు చిత్రాలు ఏరేవాళ్లు, అమ్మిపెట్టే ఏజెంట్లు ఉంటారు. ఎదురుగా దర్శకుడు, పక్కన నిర్మాత. వాళ్ల వెనక వరసల్లో పరిశీలకులు నోట్‌బుక్కులతో కూర్చుంటారు. మొత్తం సమయం ఏడెనిమిది నిమిషాలు, అందులో రెండు మూడు నిమిషాలు ట్రైలర్‌కు పోతాయి. టైం అయిపోతే మాట మధ్యలోనైనా ఆపాల్సిందే. ఆ తర్వాత అంతే సేపు ప్రశ్నలు. కథ ఎవరి చుట్టూ తిరుగుతుంది? వాళ్లు రేపు కెమెరా వద్దంటే ఏం చేస్తారు? ఇప్పటిదాకా ఎంత షూట్ చేశారు, ఇంకా ఎంత మిగిలింది? బడ్జెట్‌లో మీ జీతం ఎందుకు వేసుకోలేదు? ఈ చివరి ప్రశ్న మనవాళ్లను తరచు ఇరకాటంలో పెడుతుంది. దర్శకుడు ఊరికే పనిచేస్తానంటే త్యాగమని ఎవరూ మెచ్చుకోరు, బడ్జెట్ సరిగా వెయ్యలేదని అనుకుంటారు.

అక్కడికక్కడే చెక్కు రాసిచ్చేవాళ్లు ఉండరు. ‘రఫ్ కట్ (తొలి ఎడిటింగ్ ప్రతి) అయ్యాక పంపండి’ అన్నమాట వస్తే మంచి ఫలితం కిందే లెక్క. మర్నాడు విడివిడిగా ముఖాముఖి మాట్లాడుకునే సమావేశాలు ఉంటాయి, పావుగంటకు ఒకరు చొప్పున. నిజమైన సంభాషణ అక్కడ మొదలవుతుంది. డబ్బు చేతికందడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లు. ఒక నిధి ఒప్పుకుందంటే రెండోది ఒప్పుకోవడం తేలిక, మొదటి సంతకమే కష్టం.

పిచింగ్‌కు ముందు శిక్షణ ఇచ్చే రోజులు ఉంటాయి. వాటి విలువ పిచింగ్ కన్నా ఎక్కువేనని చెప్పొచ్చు. మన దర్శకులు తరచు చేసే పొరపాటు అక్కడ బయటపడుతుంది. వాళ్లు సమస్య చెబుతారు, సినిమా చెప్పరు. నల్లగొండ ఫ్లోరైడ్ మీద తీస్తున్నాం అంటే అది విషయం మాత్రమే. ఫ్లోరైడ్ ఊళ్లో నడుం వంగిపోయిన ఒక తల్లి ఉంది, వేసవిలో కూతురికి సంబంధం చూస్తోంది, వచ్చిన పెళ్లివారు పిల్ల ఏ నీళ్లు తాగి పెరిగిందని అడుగుతున్నారు అంటే అది సినిమా. విన్నవాడికి తర్వాత ఏమవుతుందో తెలుసుకోవాలనిపిస్తుంది. దీనికి మరో వైపు కూడా ఉంది. కొనేవాళ్ల అభిరుచికి తగ్గట్టు కథను వంచేస్తున్నారని, పేదరికాన్నీ కన్నీళ్లనూ ముందుకు తోస్తున్నారని పాత ఫిర్యాదు ఒకటుంది. అందులో నిజం లేకపోలేదు. సలహా ఇచ్చేవాళ్లలో ఇక్కడి సంగతులు తెలిసినవాళ్లు ఎందరున్నారో చూసుకుంటే ఆ ప్రమాదం కొంత తగ్గుతుంది.

డబ్బు తర్వాత పెద్ద తలనొప్పి సెన్సార్. మన చట్టం ప్రకారం జనానికి చూపే ఏ చిత్రానికైనా సర్టిఫికెట్ కావాలి. ఉత్సవాలకు కేంద్ర సమాచార ప్రసార శాఖ మినహాయింపు ఇస్తుంది, నిర్వాహకులు ముందుగా జాబితా పంపి అనుమతి తెచ్చుకోవాలి. 1990లో మొదలైన ముంబై అంతర్జాతీయ ఉత్సవాన్ని నడిపింది ఫిలిమ్స్ డివిజనే. 2004 ఉత్సవానికి భారతీయ చిత్రాలు సెన్సార్ సర్టిఫికెట్ తేవాలని నిబంధన పెట్టారు, విదేశీ చిత్రాలకు మాత్రం అక్కర్లేదన్నారు. దర్శకులు ఎదురుతిరిగారు. నిబంధన పోయింది కానీ ఎంపికలో ఎన్నో పదునైన చిత్రాలు ఎగిరిపోయాయి. 2002 గుజరాత్ హింస మీద రాకేశ్ శర్మ తీసిన ‘ఫైనల్ సొల్యూషన్’ అందులో ఒకటి. అదే సమయంలో ముంబైలోనే ప్రభాదేవిలోని భూపేశ్ గుప్తా భవన్‌లో దర్శకులు ‘వికల్ప్’ పేరుతో సొంత ఉత్సవం పెట్టుకుని ఆ చిత్రాలన్నీ చూపించారు. ప్రభుత్వ ఉత్సవం కన్నా దాని గురించే ఎక్కువ మాట్లాడుకున్నారు.

తిరువనంతపురం సంగతి ఇంకోలా ఉంది. కేరళ చలనచిత్ర అకాడమీ 2008 నుంచి డాక్యుమెంటరీలకూ లఘుచిత్రాలకూ ఉత్సవం జరుపుతోంది. కైరళి, శ్రీ, నిలా అనే మూడు తెరల సముదాయం ఉత్సవం రోజుల్లో విద్యార్థులతో కిటకిటలాడుతుంది. 2017లో మూడు చిత్రాలకు కేంద్రం మినహాయింపు ఇవ్వలేదు. అందులో ఒకటి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థి రోహిత్ వేముల మరణం తర్వాతి పరిణామాల మీద తీసింది. 2019లో ఆనంద్ పట్వర్ధన్ నాలుగు గంటల చిత్రం ‘రీజన్’కూ అదే అయింది. అంతకు ముందు ఏడాదే అది ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉత్తమ చిత్రం బహుమతి గెలుచుకుంది. అకాడమీ హైకోర్టుకు వెళ్లింది, కోర్టు అనుమతిచ్చింది, చిత్రం ఆడింది.

ఈ డాక్యుమెంటరీల లోకంలో తెలుగు నేల పేరు తక్కువేమీ కాదు. బి. నర్సింగరావు ‘మా ఊరు’ తెలంగాణ పల్లెను తెరకెక్కించింది. 1984లో హైదరాబాద్ పాతబస్తీలో జరిగిన అల్లర్ల మీద దీపా ధన్‌రాజ్ 1986లో ‘క్యా హువా ఇస్ షహర్ కో’ తీశారు. ఏళ్ల తర్వాత బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ ఆ పాత ప్రతిని బాగుచేసి మళ్లీ జనం ముందుకు తెచ్చింది. అన్నిటికన్నా వింత కథ జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌ది. దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన పి.వి. సతీశ్ నడిపిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో, చదువు అంతంతమాత్రమైన దళిత రైతు మహిళలు కెమెరా పట్టడం నేర్చుకున్నారు. 2002లో బీటీ పత్తికి దేశంలో అనుమతి వచ్చాక వరంగల్ రైతుల పొలాల వెంట ఒక పంటకాలం అంతా తిరిగి, ఆ రైతులు ఎందుకు మండిపడుతున్నారో సినిమాగా చూపించారు. పిచింగ్ బల్ల దగ్గర అడిగే ‘ఈ కథ మీరే ఎందుకు చెప్పాలి’ అన్న ప్రశ్నకు వాళ్ల దగ్గర ఉన్నంత సూటి జవాబు ఇంకెవరి దగ్గరా ఉండదు.

వెళ్లాలనుకునేవాళ్లు ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. చిత్రాన్ని యూట్యూబ్‌లో పెట్టేస్తే పెద్ద ఉత్సవాల్లో చాలావరకు తీసుకోవు, మొదటి ప్రదర్శన తమదే కావాలంటాయి. చిత్రంలో ఎక్కడో టీ కొట్టు రేడియోలో సినిమా పాట వినిపించినా దాని హక్కుల సంగతి తేలాల్సిందే. చాలామంది షూటింగ్‌లో దీన్ని పట్టించుకోక ఎడిటింగ్ అయ్యాక తల పట్టుకుంటారు. కెమెరా ముందుకొచ్చిన ప్రతి మనిషి సంతకంతో ఒప్పుకోలు పత్రం ఉండాలి. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు తెలుగూ ఇంగ్లీషూ రెండూ బాగా తెలిసినవాళ్ల చేత రాయించాలి. సామెతలు, తిట్లు, చలోక్తులు సబ్‌టైటిల్‌లో చప్పబడితే సగం సినిమా పోయినట్టే. వెంట తీసుకెళ్లే కాగితాలు నాలుగే: ఒక్క వాక్యంలో చిత్రం, ఒక పేజీలో కథ, ఎలా తీస్తారో చెప్పే రెండు మూడు పేజీలు, బడ్జెట్.

మొదటిసారి పరిశీలకుడిగా వెళ్లడమే మంచిది. రుసుము తక్కువ, నేర్చుకునేది ఎక్కువ. ఇతరులు బల్ల ముందు తడబడటం చూస్తే తన ప్రాజెక్టులో లోపం తనకే కనిపిస్తుంది. ఆ తర్వాత దరఖాస్తు పెట్టడానికి చిత్రం పూర్తయ్యేదాకా ఆగకూడదు. పిచింగ్ వేదికలకు కావాల్సింది కొంత షూట్ చేసి, ఇంకా దారి వెతుక్కుంటున్న చిత్రాలే. పూర్తయిన చిత్రానికి అక్కడ చోటు లేదు.