గుమ్మడి పిందె ఎందుకు రాలింది?



ముందుగా మీ దగ్గర ఒక తప్పు ఒప్పుకోవాలి. మేముండేది నాలుగంతస్తుల మేడలో మూడో అంతస్తు. రెండేళ్ల క్రితం సంక్రాంతి వెళ్లాక మా మెట్ల పక్క సన్‌షేడు కింద పెద్ద తేనెపట్టు పెట్టింది. చేటంత ఉండేది. పిల్లలున్న వాళ్లు భయపడ్డారు. భయపడటంలో తప్పులేదు. అవి పెద్ద తేనెటీగలు, రేగితే ప్రమాదమే. మందు కొట్టించాలని కాగితం రాసి ఇంటింటికీ తిప్పి సంతకాలు తీసుకున్నారు. నేనూ చేశాను. మర్నాటి సాయంత్రం ఇద్దరు కుర్రాళ్లు వచ్చి మందు కొట్టి వెళ్లారు. తెల్లవారి చూస్తే మెట్లనిండా చచ్చిన ఈగలు. మా పనమ్మాయి ఊడ్చి ఎత్తి, “రెండు చేటలయ్యాయమ్మగారూ” అంది.

ఆ ఏడే తొలకరికి మేడమీద పాత టబ్బులో గుమ్మడి గింజలు పాతాను. తీగ ఏపుగా పాకింది, పూలు విరగబూశాయి. కాని పిందె వేలెడంత కాకముందే పసుపురంగు తిరిగి రాలిపోయేది. నీళ్లు చాలలేదనుకున్నాను. ఎరువు వేశాను. వేపనూనె చల్లాను. ఏం చేసినా ఇంతే. ఒకనాడు మా అత్తగారు ఓపిక చేసుకుని మేడమీదికి వచ్చి కాసేపు పూలకేసి చూసి, “అమ్మాయ్, నీ పూలమీద ఒక్క ఈగైనా వాలటం లేదే! ఇక పిందె ఎట్లా నిలుస్తుంది?” అన్నారు.

గుమ్మడి తీగకు మగపూలు వేరు, ఆడపూలు వేరు. మగపువ్వు సన్నని కాడమీద ఉంటుంది. ఆడపువ్వుకు అడుగున బుల్లి పిందె ముందే ఉంటుంది. మగపువ్వులోని పుప్పొడి ఆడపువ్వులో పడితేనే ఆ పిందె కాయ అవుతుంది, లేకపోతే రాలిపోతుంది. పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది కాబట్టి గాలికి ఎగరదు. ఎవరో ఒకరు మోసుకుపోవాలి. మకరందం కోసం వచ్చిన తేనెటీగ ఒంటినిండా ఉన్న నూగుకు పుప్పొడి అంటుకుని, తెలియకుండానే ఒక పువ్వు నుంచి ఇంకొక పువ్వుకు చేరుతుంది. దీన్నే పరాగ సంపర్కం అంటారు.

మర్నాటినుంచి ఆ పని నేను మొదలుపెట్టాను. తెల్లవారగట్ల లేచి, మగపువ్వు కోసి, రేకలు తుంచేసి, ఆడపువ్వు నడుమ మెల్లగా అద్దటం. ఎండెక్కితే పువ్వు ముడుచుకుపోతుంది కాబట్టి కాఫీ కలుపుకోవటానికి ముందే ఆ పని కావాలి. అట్లా అద్దిన అయిదు పిందెల్లో నాలుగు నిలిచాయి. సంతోషించాను గాని, నాలుగు కాయలకే ఇంత పని అయితే, ఊరికి సరిపడా కూరలకు ఎంతమంది లేవాలి అనిపించింది.

ఆ పట్టు చంపటంవల్లే నా పిందెలు రాలాయని నేను అనను. పెద్ద తేనెటీగలు ఋతువును బట్టి వలస పోతాయి, వానల రోజులకు అవి ఎటూ వెళ్లిపోయేవేమో. కాని నా మనసులో ఆ రెండు చేటల ఈగలూ, ఆ పిందెలూ ముడిపడి పోయాయి. పదో తరగతితో చదువు ఆపేసినదాన్నయినా, అప్పటినుంచి తేనెటీగల సంగతి ఎక్కడ కనబడినా చదువుతున్నాను. నాకు అర్థమైనంత మీకు చెబుతాను.

తేనెటీగలు పోతే నాలుగేళ్లలో మనుషులు పోతారని ఐన్‌స్టీన్ గారన్నట్టు ఫోన్లలో ఒక మాట తిరుగుతూ ఉంటుంది. ఆయన అట్లా అన్నట్టు ఆధారం లేదు. బియ్యం, గోధుమ, జొన్నలకు తేనెటీగతో పనిలేదు. గాలి చాలు. అంటే అన్నం ఉంటుంది. మరి అన్నంలోకి? గుమ్మడి, దోస, కాకర, పుచ్చ ఈగల మీదే ఆధారపడ్డాయి. పొద్దుతిరుగుడు నూనె ఉందా, ఆ పువ్వులో గింజ గట్టిపడాలంటే తేనెటీగ వాలాలి. పోపుడబ్బా మూత తీయండి. ఆవాలు, ధనియాలు ఈగలు తిరిగిన చేలో ఎక్కువ పండుతాయి. ఉల్లిపాయ భూమిలో ఊరుతుంది గదా అంటారేమో, దాని విత్తనం కావాలంటే మళ్లీ ఈగే రావాలి. ప్రపంచంలోని ముఖ్యమైన ఆహారపంటల్లో నాలుగింట మూడు రకాలు ఎంతో కొంత ఇటువంటి ప్రాణుల సాయం కోరేవేనని 2016లో వివిధ దేశాల శాస్త్రజ్ఞులు కలిసి తేల్చారు. తేనెటీగలు పోతే మనం చచ్చిపోము. కాని కూరలూ పళ్లూ తగ్గి, ధర పెరిగి, మొదట పేదవాళ్ల కంచంలోంచి మాయమవుతాయి.

మనం పిల్లలకు నానబెట్టి పెట్టే బాదంపప్పే చూడండి. ప్రపంచంలోని బాదంలో నూటికి ఎనభై పాళ్లు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో పండుతుంది. మన దేశానికి దిగుమతయ్యేది కూడా ఎక్కువగా అక్కడిదే. ఏటా ఫిబ్రవరిలో బాదం పూతకు వచ్చేసరికి, ఆ దేశం నలుమూలల నుంచి లక్షలాది తేనెపెట్టెలను లారీల మీద అక్కడికి చేరుస్తారు. అటువంటి దేశంలో 2006 చివర ఒక వింత జరిగింది. పెంపకందార్లు పెట్టె మూత తీస్తే రాణి ఉంది, పిల్లలున్నాయి, తేనె ఉంది. పనిచేసే ఈగలు మాత్రం లేవు. చచ్చిపడి ఉన్నాయా అంటే అదీ లేదు. మేతకు వెళ్లినవి ఇల్లు చేరలేదు. ఇది తగ్గిందనుకున్నాక కూడా నష్టాలు ఆగలేదు. 2024-25 చలికాలంలో అక్కడి పెద్ద పెంపకందార్లు సగానికి పైగా పట్టులు పోగొట్టుకున్నారు.

ఎందుకిట్లా అయింది? ఒక్క దొంగ దొరికితే పట్టుకుని కట్టేయవచ్చు. ఇక్కడ దొంగలు నలుగురు.

మొదటిది వరోవా అనే నల్లి. ఇది మొదట మన ఆసియా ఖండపు పుట్ట తేనెటీగల మీద ఉండేది. తరతరాల అలవాటు కొద్దీ మన ఈగలు దాన్ని దులిపి పారేయటం నేర్చుకున్నాయి. ఐరోపా జాతి తేనెటీగలకు ఆ విద్య లేదు. 1987లో అమెరికాలో కనబడిన ఈ నల్లి ఈగల ఒంటిని పట్టి పీల్చటమే కాక, వైరస్ రోగాలు కూడా అంటిస్తుంది.

రెండోది రోగం. మన దక్షిణదేశంలోనే 1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ వచ్చి, కేరళ, తమిళనాడు, కర్ణాటకల్లో పెట్టెల్లో పెంచుకునే పుట్ట తేనెటీగలు నూటికి తొంభై పట్టులు తుడిచిపెట్టుకు పోయాయి. గూట్లో పిల్లపురుగు నీటితిత్తిలా ఉబ్బి చచ్చిపోతుంది. తట్టుకున్న పట్టులనుంచి మళ్లీ మెల్లగా సంతతి పెరిగింది గాని, ఎన్నో కుటుంబాలు ఆ వృత్తే మానుకున్నాయి.

మూడోది పురుగుమందులు. వీటిలో నియోనికోటినాయిడ్లని ఒక జాతి ఉంది. పొగాకులో ఉండే నికోటిన్‌కు దాయాదులన్నమాట. విత్తనానికి పట్టిస్తే మొక్క పెరిగాక ఆకులోకీ, పుప్పొడిలోకీ, మకరందంలోకీ కూడా చేరతాయి. ఈగ వెంటనే చావకపోవచ్చు, దారి మరిచిపోతుంది. మేత ఎటుందో, ఎంత దూరమో నాట్యం చేసి తోటి ఈగలకు చెప్పగల ప్రాణి అది. ఆ భాషను చదివినందుకే కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే శాస్త్రజ్ఞుడికి 1973లో నోబెల్ బహుమానంలో పాలు దక్కింది. అంతటి తెలివిగల ఈగ, ఈ మందు కొద్దిపాటి తాగితే ఇంటికి తిరిగి రాలేకపోతోందని 2012లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు ఈగల వీపుమీద బుల్లి గుర్తులంటించి మరీ చూపించారు. ఐరోపా దేశాల కూటమి 2018లో ఈ జాతి మందులు మూడింటిని ఆరుబయట పొలాల్లో వాడటం నిషేధించింది.

నాలుగోది ఆకలి. కానుగ, వేప, చింత, నేరేడు, రేగు ఒకదాని తర్వాత ఒకటి పూస్తూ ఏడాది పొడుగునా ఈగలకు వంట చేసి పెట్టేవి. రోడ్డు వెడల్పుకని చెట్లు పోయాయి. చేలగట్లమీద కలుపుమందు కొట్టి పిచ్చిపూలు లేకుండా చేశాం. కనుచూపు మేర ఒకే పంట ఉంటే ఈగకు పది రోజులు పెళ్లిభోజనం, మిగతా రోజులు పస్తు. పస్తున్న ఒంటికి రోగమూ, మందూ రెండూ త్వరగా ఎక్కుతాయి. మనకైనా అంతే గదా! సెల్‌ఫోన్ టవర్ల వల్లేనని కూడా కొందరంటారు గాని, దానికి ఇంతవరకు గట్టి రుజువు దొరకలేదు.

ఈగలు తగ్గితే నష్టం మన వంటింటితో ఆగదు. అడవిలో చింత, కుంకుడు వంటి చెట్లు కాయాలన్నా ఈగలు కావాలి. కాయ లేకపోతే విత్తనం లేదు, విత్తనం లేకపోతే కొత్త చెట్టు లేదు. పళ్లు తిని బతికే పిట్టలకు మేత లేదు. అవి ఏరి అమ్ముకునే గిరిజనులకు జీవనం లేదు. చైనాలో సిచువాన్ ప్రాంతంలోని హన్యువాన్ జిల్లాలో బేరితోటల రైతులు ఎన్నో ఏళ్లుగా వెదురుకర్రకు కోడి ఈకలు కట్టి, చెట్లెక్కి, పువ్వు పువ్వుకూ పుప్పొడి అద్దుతున్నారు. మందుల వాడకం ఎక్కువై ఈగలు రాకపోవటం దానికొక కారణం. నేను నాలుగు గుమ్మడికాయలకు పడ్డ పాటు, వాళ్లు తోటలకు తోటలే పడుతున్నారన్నమాట.

ఇక మనం చేయగలిగింది చూద్దాం. కుండీల్లో క్రోటన్లతో పాటు తులసి, మునగ, బంతి పెంచండి. తులసి వెన్నులు తీసేయకుండా కొన్ని పూయనివ్వండి. వెడల్పాటి పళ్లెంలో గులకరాళ్లు వేసి నీళ్లు పోయండి, ఈగలు మునగకుండా తాగుతాయి. పూతమీద, అందులోనూ పొద్దుటి పూట, ఏ మందూ చల్లకండి. ఇంటికి పట్టు పెడితే రాయి విసరకండి, పొగ పెట్టకండి, రాత్రి దాని దగ్గర దీపం వేయకండి. అందని ఎత్తులో ఉంటే పూలకాలం అయ్యాక అవే వెళ్లిపోతాయి. మరీ దారికడ్డమైతే చంపకుండా తప్పించటం తెలిసినవాళ్లను పిలిపించండి. మందు కొట్టిన పట్టులోని తేనె మాత్రం ఎవరూ నాకకూడదు. కుట్టిన తర్వాత ఊపిరాడకపోయినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా చిట్కాలతో కాలయాపన చేయక ఆసుపత్రికి వెళ్లండి.

మొన్న మాఘమాసంలో అదే సన్‌షేడు కింద మళ్లీ పట్టు పెట్టింది. మళ్లీ కాగితం వచ్చింది. ఈసారి నేను సంతకం చేయలేదు. కాగితం తెచ్చిన పక్కింటి వదినగారిని కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఇప్పుడు మీకు చెప్పిందంతా ఆవిడకీ చెప్పాను. ఆవిడ మూడేళ్ల మనవడి భయం ఆవిడది. దాన్నీ కాదనలేం. చివరికి ఆ మెట్లవైపు దీపం తీసేయించి, కిటికీకి దోమల వల కొట్టించి, పిల్లల్ని అటు పోనీయకుండా తాడు కట్టాం. నెలన్నర అందరం కాస్త భయంగానే తిరిగాం. ఎండలు ముదిరాక ఒకనాడు చూస్తే పట్టు ఖాళీ. ఎవరినీ ఏమీ అనకుండా వాటి దారిన అవి వెళ్లిపోయాయి.

ఈ ఏడు కూడా గుమ్మడి వేశాను. తెల్లవారగట్ల లేచి మేడమీదికి వెళుతున్నాను గాని, ముందు ఒక పావుగంట చేతులు కట్టుకుని ఊరికే నిలబడుతున్నాను, ఎవరైనా వస్తారేమోనని. చిన్నవి, నల్లచారలవి, రోజూ రెండు మూడు వస్తున్నాయి. అవి వచ్చిన రోజు నాకు పని లేదు.



(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)