దూరపు కొండలు నునుపు: ప్రసిద్ధ పర్యాటకస్థలాల్లో ఆశాభంగం – కారణాల పరిశీలన

వ్యాససంగ్రహం

ప్రసిద్ధ పర్యాటకస్థలాన్ని చూసి వచ్చినవారు "ఇంతేనా?" అని నిట్టూర్చడం తరచుగా వినిపించే మాట. సాధారణంగా ఈ నిరాశను అభిరుచి భేదంగానో, నిర్వహణ లోపంగానో భావిస్తారు. ఆ ఆశాభంగానికి నిర్దిష్టమైన కారణాలు ఉంటాయనీ, వాటిని విడదీసి చూస్తే స్థలచరిత్రలో మరుగున పడిన భాగం బయటపడుతుందనీ ఈ వ్యాసం వివరిస్తుంది. ఇందుకు పారిస్ లూవ్ర్ మ్యూజియంలోని మోనాలీసా చిత్రాన్ని, జోగ్, నయాగరా జలపాతాలను, అమరావతి మహాస్తూపాన్ని ఉదాహరణలుగా తీసుకుంటుంది. తెలుగు యాత్రాసాహిత్యం ఈ విషయంలో నిర్వహించగల పాత్రను చివర సూచిస్తుంది.

కీలకపదాలు: పర్యాటకం, ఆశాభంగం, మోనాలీసా, జోగ్ జలపాతం, నయాగరా, అమరావతి స్తూపం, యాత్రాసాహిత్యం.

1. ఉపోద్ఘాతం

"దూరపు కొండలు నునుపు" అనే సామెతను తెలుగువారు మనుషులకూ, ఉద్యోగాలకూ, ఊళ్లకూ అన్వయిస్తారు. దూరం నుంచి చూసినప్పుడు కొండ మీది రాళ్లూ ముళ్లూ కనిపించవు. దగ్గరికి వెళ్లినప్పుడు అవే ముందుగా కాలికి తగులుతాయి. పర్యాటకుని అనుభవానికి ఈ సామెత చక్కగా సరిపోతుంది. అయితే సామెత చెప్పని విషయం ఒకటి ఉంది. కొండ మొదటినుంచీ గరుకుగానే ఉందా, లేక మధ్యలో ఎవరైనా దాన్ని తొలిచారా అన్నది దూరం నుంచి చూసినవానికి తెలియదు.

ఈ భేదం ముఖ్యమైనది. కొన్నిచోట్ల నిరాశకు కారణం చూసేవాని అంచనాలో ఉంటుంది. కొన్నిచోట్ల స్థలం నిజంగానే తన పూర్వరూపాన్ని కోల్పోయి ఉంటుంది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి "చూడదగ్గది కాదు" అని తీర్పు చెప్పడం వల్ల స్థలానికి అన్యాయం జరుగుతుంది, చూసినవానికి తెలివిడీ మిగలదు.

2. ఆశకు మూలం

పర్యాటకుడు ఏ స్థలాన్నీ ఖాళీ మనసుతో చూడడు. పాఠ్యపుస్తకం, క్యాలెండరు, సినిమా పాట, చేతిలోని ఫోను ఆ స్థలాన్ని అతనికి ముందే చూపించి ఉంటాయి. డీన్ మెకానెల్ 1976లో వెలువరించిన 'ది టూరిస్ట్' అనే గ్రంథంలో ఈ అంశాన్ని సిద్ధాంతీకరించారు. ఆయన ప్రకారం పర్యాటక ఆకర్షణ అనేది స్థలం ఒక్కటే కాదు. పర్యాటకుడు, దృశ్యం, ఆ దృశ్యాన్ని గురించి ముందుగా తెలియజేసే సూచిక అనే మూడింటి సంబంధమే ఆకర్షణ. జాన్ అర్రీ 1990లో వెలువరించిన 'ది టూరిస్ట్ గేజ్' పర్యాటకుని చూపు సహజమైనది కాదనీ, సమాజం దాన్ని తీర్చిదిద్దుతుందనీ వివరించింది.

ఈ దృష్టితో చూస్తే ఆశాభంగం అంటే సూచికకూ దృశ్యానికీ పొంతన కుదరకపోవడం. పొంతన కుదరకపోవడానికి ముఖ్యంగా మూడు మార్గాలున్నాయి. మొదటిది, దృశ్యం మారకుండానే సూచిక విపరీతంగా పెరగడం. రెండవది, సూచిక అలాగే ఉండగా దృశ్యం తగ్గిపోవడం. మూడవది, దృశ్యంలోని ముఖ్యభాగాలు వేరొకచోటికి తరలిపోవడం. తరువాతి ఉదాహరణలు ఈ మూడింటినీ వరుసగా చూపుతాయి.

3. పెరిగిన కీర్తి: మోనాలీసా

లియొనార్డో డావిన్చీ చిత్రించిన మోనాలీసా పాప్లర్ చెక్కపలక మీద వేసిన చిత్రం. దాని ఎత్తు 77 సెంటీమీటర్లు, వెడల్పు 53 సెంటీమీటర్లు. ఒక వ్యక్తి దగ్గరగా నిలబడి తీరికగా చూడడానికి తగిన పరిమాణమిది. పెదవుల కొసల్లోనూ కనుల చివరల్లోనూ రంగులు గీత తెలియకుండా ఒకదానిలో మరొకటి కలిసిపోయే నైపుణ్యమే ఈ చిత్రం ప్రత్యేకత. అది కొన్ని మీటర్ల దూరం నుంచి, గాజు వెనక, తలల మధ్య నుంచి కనిపించేది కాదు.

ఈ చిత్రాన్ని కళాభిమానులు 19వ శతాబ్దిలోనే కొనియాడారు. సామాన్యజనంలో దాని పేరు ఊహించనంతగా పెరగడానికి 1911 ఆగస్టులో జరిగిన దొంగతనం ముఖ్యకారణం. మ్యూజియంలో పనిచేసిన విన్చెంజో పెరూజా అనే ఇటలీ దేశస్థుడు దాన్ని ఎత్తుకుపోయాడు. 1913 డిసెంబరులో ఫ్లారెన్స్‌లో అది దొరికేవరకు పత్రికలు ఆ బొమ్మను పదేపదే అచ్చువేశాయి. చిత్రం లేని ఖాళీ గోడను చూడడానికి కూడా జనం వరుస కట్టారు. దృశ్యం లేకున్నా సూచిక ఒక్కటే జనాన్ని రప్పించగలదని ఆ వరుస నిరూపించింది.

లూవ్ర్ మ్యూజియానికి 2024లో సుమారు 87 లక్షల సందర్శనలు నమోదయ్యాయి. వచ్చినవారిలో అత్యధికులు ఈ ఒక్క చిత్రం కోసమే ఆ గదికి చేరుకుంటారు. అదే గదిలో, దానికి ఎదురుగోడ మీద, పావొలో వెరొనేజె చిత్రించిన 'కానా పెండ్లివిందు' ఉంది. దాని వెడల్పు దాదాపు 10 మీటర్లు, ఎత్తు దాదాపు 7 మీటర్లు. దూరం నుంచి, గుంపులో నిలబడి చూసినా నిరాశపరచని చిత్రమది. కానీ జనం దానికి వీపు పెట్టి నిలబడతారు. మోనాలీసాకు ప్రత్యేకమైన గదిని ఏర్పాటు చేస్తామని 2025 జనవరిలో ఫ్రాన్స్ అధ్యక్షుడు ఎమ్మాన్యుయేల్ మాక్రాన్ ప్రకటించారు.

ఇక్కడ చిత్రంలో లోపం లేదు. దాన్ని చూడడానికి అవసరమైన దగ్గరితనాన్నీ నిదానాన్నీ దాని కీర్తే హరించింది. ఇది మొదటి రకం ఆశాభంగం.

4. తగ్గిన ప్రవాహం: జోగ్, నయాగరా

కర్ణాటకలోని శివమొగ్గ జిల్లాలో శరావతి నది 253 మీటర్ల ఎత్తు నుంచి దూకే చోటు జోగ్ జలపాతం. రాజా, రాణి, రోరర్, రాకెట్ అనే నాలుగు ధారల పేర్లు ప్రసిద్ధాలు. ఫొటోల్లో ఈ నాలుగూ నిండుగా కనిపిస్తాయి. వేసవిలో వెళ్లిన యాత్రికునికి నల్లని రాతిగోడ మీద సన్నని తెల్లని చారలు మాత్రమే కనిపిస్తాయి. వానాకాలం నడుమ వెళ్తే మంచూ తుంపరలూ లోయను కప్పివేసి, చప్పుడు తప్ప ఏమీ తెలియని రోజులూ ఉంటాయి.

వేసవిలో నీరు తగ్గడం ప్రకృతిసహజమే. కానీ జోగ్ విషయంలో మనిషి నిర్ణయం కూడా దానికి తోడయింది. జలపాతం సమీపంలోని జలవిద్యుత్కేంద్రం 1948లో ప్రారంభమయింది. ఎగువన లింగనమక్కి ఆనకట్ట 1964లో పూర్తయింది. అప్పటినుంచి శరావతి నీటిలో పెద్దభాగం జలాశయంలో నిలిచి, విద్యుదుత్పత్తికి వెళ్తున్నది. జలాశయం నిండి గేట్లు ఎత్తినప్పుడు మాత్రమే ఫొటోలోని జోగ్ కనిపిస్తుంది. శ్రీశైలం, నాగార్జునసాగర్ గేట్లు ఎత్తారన్న వార్త రాగానే కార్లు కట్టుకొని బయలుదేరే తెలుగువారికి ఈ తర్కం కొత్త కాదు. అయితే ఆనకట్ట దగ్గర అది మనిషి కట్టిన కట్టడమని అందరికీ తెలుసు. జలపాతం దగ్గర ఆ సంగతి గుర్తుండదు.

నయాగరాలో ఈ నియంత్రణ బహిరంగ ఒప్పందం రూపంలో ఉంది. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు స్వదేశం నుంచి వచ్చిన తల్లిదండ్రులకు చూపించే ప్రదేశాల్లో అది ముఖ్యమైనది. 1950లో అమెరికా, కెనడా దేశాలు కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం, పర్యాటకకాలంలో పగటివేళల్లో జలపాతం మీదుగా కనీసం 1,00,000 క్యూసెక్కుల నీరు పారాలి. రాత్రుల్లోనూ, శీతకాలంలోనూ ఈ కనీసపరిమాణం 50,000 క్యూసెక్కులు. నది సహజప్రవాహం సగటున సుమారు 2,00,000 క్యూసెక్కులు. మిగిలిన నీటిని విద్యుదుత్పత్తికి మళ్లించడానికి ఒప్పందం అనుమతిస్తుంది. అంటే సందర్శకులు నిండుగా ఉండే వేళకు తగినట్టు జలపాతం నిండుదనాన్ని కాగితం మీద నిర్ణయించారు. అయినా నయాగరా చూసినవారిలో అత్యధికులు తృప్తిగానే తిరిగివస్తారు. అక్కడ చూపుకు కావలసిన నీటిని లెక్కవేసి విడిచిపెట్టడమే ఇందుకు ముఖ్యకారణం.

కాబట్టి జోగ్ దగ్గర నిట్టూర్చే యాత్రికుడు నిజానికి ఒక ప్రజావసరానికి చెల్లించిన మూల్యాన్ని చూస్తున్నాడు. ఇంటికి వెళ్లి అతను వెలిగించే దీపానికీ ఆ ఎండిన రాతిగోడకూ సంబంధం ఉండవచ్చు. ఆ సంబంధాన్ని చెప్పే ఫలకం జలపాతం ఎదుట ఉంటే నిరాశ అవగాహనగా మారే అవకాశం ఉంది.

5. తరలిపోయిన శిల్పం: అమరావతి

మూడవ రకం ఆశాభంగానికి తెలుగునేల మీదే గొప్ప ఉదాహరణ ఉంది. అమరావతి శిల్పం పేరు వినని కళాచరిత్ర విద్యార్థి ఉండడు. పాఠ్యపుస్తకాల్లో ఆ శిల్పఫలకాల బొమ్మలు చూసి, కృష్ణాతీరంలోని అమరావతికి వెళ్లిన సందర్శకునికి కనిపించేది పచ్చగడ్డి మొలిచిన తక్కువ ఎత్తు దిబ్బ, దాని చుట్టూ వలయంగా నిలబెట్టిన కొన్ని రాతిపలకలు. సమీపంలో ఆధునికకాలంలో నిర్మించిన 125 అడుగుల ధ్యానబుద్ధ విగ్రహం ఆకాశాన్నంటుతూ ఉండడం వల్ల దిబ్బ మరింత చిన్నదిగా తోస్తుంది. ఫొటోలు అక్కడే ఎక్కువగా తీసుకుంటారు.

ఈ వెలితికి చరిత్ర ఉంది. సుమారు 50 మీటర్ల వ్యాసం గల ఈ స్తూపం కాలక్రమంలో మట్టిలో కూరుకుపోయి, స్థానికంగా 'దీపాలదిన్నె' అనే పేరుతో మిగిలింది. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతిని తన నివాసంగా చేసుకున్నప్పుడు, కట్టడాల కోసం దిబ్బను తవ్వి ఇటుకలూ రాళ్లూ తీసుకువెళ్లారు. కొన్ని ఫలకాలు సున్నపుబట్టీల పాలయ్యాయి. కాలిన్ మెకంజీ ఆ దశలోనే ఈ స్థలాన్ని చూసి, 1816లో తిరిగి వచ్చి తన సిబ్బందితో శిల్పాల చిత్రాలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వకాలు జరిపి ఫలకాలను మద్రాసుకు తరలించాడు. వాటిలో చాలా భాగం 1859లో లండన్ చేరింది. 1877లో రాబర్ట్ సీవెల్, ఆ తరువాత జేమ్స్ బర్జెస్ పరిశోధనలు చేశారు. నేడు బ్రిటిష్ మ్యూజియంలో 120కి పైగా అమరావతి శిల్పాలు ఉన్నాయి. చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో మరో పెద్ద సేకరణ ఉంది. అమరావతిలోని పురావస్తు ప్రదర్శనశాలలో ఉన్నవి మిగిలినవాటిలో కొన్ని.

గమనించదగిన విషయం మరొకటి ఉంది. ఈ స్తూపం నిండుగా ఉన్న రోజుల్లో ఎలా కనిపించేదో ఆనాటి శిల్పులే ఫలకాల మీద చెక్కారు. అండం, హర్మిక, నాలుగు దిక్కులా ఐదేసి ఆయకస్తంభాలు, సింహద్వారాలు, చుట్టూ ప్రాకారం అన్నీ ఆ చిన్న ఫలకాల్లో కనిపిస్తాయి. దిబ్బ ఎదుట నిలిచినవానికి ఊహకు ఆధారమయ్యే బొమ్మలివే. వాటిలో సుప్రసిద్ధమైనవి దిబ్బ నుంచి దూరంగా లండన్‌లోనూ చెన్నైలోనూ ఉన్నాయి.

అందువల్ల అమరావతి చూసి నిరాశపడినవాడు పొరబడలేదు. అతను పొరబడేది ఒక్కచోటే. "ఇక్కడ ఏమీ లేదు" అనుకోవడం దగ్గర ఆగిపోయి, "ఇక్కడివి ఎక్కడికి వెళ్లాయి?" అని అడగకపోవడం దగ్గర.

6. యాత్రారచన బాధ్యత

తెలుగు యాత్రాసాహిత్యానికి మొదటినుంచీ యథార్థకథన సంప్రదాయం ఉంది. 1830–31లో కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్య తన 'కాశీయాత్రచరిత్ర'లో క్షేత్రమహిమలతో ఆగిపోలేదు. బాటల స్థితి, మజిలీల వసతి, దొరికే సరుకులు, దొరకని సరుకులు, ఊళ్ల తీరుతెన్నులు నమోదు చేశారు. తరువాతి యాత్రికునికి పనికివచ్చే సమాచారం ఇవ్వాలన్న స్పృహ ఆ రచనలో స్పష్టంగా కనిపిస్తుంది.

నేటి పర్యాటక ప్రచారంలో ఈ స్పృహ తగ్గింది. ప్రచారచిత్రం ఏడాదిలో అత్యుత్తమమైన రోజును, జనం లేని ఘడియను, అనువైన కోణాన్ని ఎంచుకుంటుంది. ఏ నెలలో నీరు ఉంటుంది, ఎంత దూరం నుంచి చూడనిస్తారు, అసలు వస్తువు ఎక్కడ ఉంది, ఎదుట ఉన్నది మూలమా నకలా అన్న ప్రశ్నలకు సమాధానం ఇవ్వదు. యాత్రారచన ఈ ఖాళీని పూరించగలదు. మొహమాటపడకుండా నిరాశను నమోదు చేసి, దాని కారణాన్ని విచారించిన యాత్రాకథనం పాఠకునికి రెండు విధాల ఉపకరిస్తుంది. ఒకటి, వెళ్లవలసిన కాలాన్నీ పద్ధతినీ తెలుపుతుంది. రెండు, స్థలం పోగొట్టుకున్నదాన్ని గుర్తుచేస్తుంది.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. ప్రసిద్ధస్థలాల్లో కలిగే ఆశాభంగం ఒకే రకమైనది కాదు. కీర్తి పెరగడం, దృశ్యం తగ్గడం, శిల్పాదులు తరలిపోవడం అనే మూడు వేర్వేరు కారణాలు కనిపిస్తున్నాయి.

2. మోనాలీసా విషయంలో పరిష్కారం చూసే ఏర్పాటులో ఉంది. జోగ్ విషయంలో కాలాన్ని ఎంచుకోవడంలోనూ, నీటివినియోగాన్ని వివరించడంలోనూ ఉంది.

3. అమరావతి విషయంలో సమస్య ఇంకా లోతైనది. తరలిపోయిన శిల్పాలు తిరిగి వస్తాయా అన్నది ప్రభుత్వాలూ మ్యూజియాలూ తేల్చవలసిన ప్రశ్న. కానీ ఏ ఫలకం స్తూపంలో ఏ భాగానిదో, ఇప్పుడు ఏ నగరంలో ఉందో దిబ్బ దగ్గరే తెలుగులో వివరంగా చెప్పడానికి ఆ తీర్పు కోసం వేచి ఉండనక్కరలేదు.

4. నిరాశను దాచని యాత్రారచనలు స్థలచరిత్రకు ఆధారాలుగా ఉపయోగపడతాయి. వాటిని ఆ దృష్టితో సేకరించి పరిశీలించవలసిన అవసరం ఉంది.

దూరపు కొండ దగ్గరికి వెళ్లాక గరుకుగా తోస్తే, వెనుదిరిగేముందు ఆ గరుకుదనం ఎప్పటిదో, ఎలా వచ్చిందో విచారించడం మేలు. అమరావతి దిబ్బను చూసిన బడిపిల్లవాడు "శిల్పాలు ఏవి?" అని అడిగితే, అతనికి చెప్పవలసిన సమాధానం తెలుగువారి చరిత్రలో ఒక అధ్యాయమంత ఉంది.