బదిలీ వర్కర్‌కు ఏడే మస్టర్లు!

శ్రీరాంపూర్‌లో పెరిగినోళ్లకు 'బదిలీ వర్కర్' అంటే ఎవరో చెప్పక్కర్లేదు. పర్మినెంట్ కార్మికుడు రాని రోజు ఆ పనిలోకి దిగేవాడు. ఏడాదిలో భూగర్భ గనిలో 190 మస్టర్లు నిండితేనే జనరల్ మజ్దూర్ అయ్యేది. మన విశాఖ కీపర్ కోన శ్రీకర్ భరత్‌ను చూస్తే నాకు అతనే గుర్తొస్తాడు.

2022 డిసెంబరు 30న రిషబ్ పంత్ కారు ప్రమాదంలో గాయపడ్డాడు. ఆ ఖాళీలోనే 2023 ఫిబ్రవరిలో నాగ్‌పూర్‌లో భరత్ టెస్టుల్లోకి వచ్చాడు.

లెక్కలు చూద్దాం. ప్రమాదం నాటికి పంత్‌వి 33 టెస్టులు, 2,271 పరుగులు, 5 సెంచరీలు, సగటు 43.67. భరత్‌వి 7 టెస్టులు, 221 పరుగులు, సగటు 20.09. బ్యాటింగ్‌లో పోలికే లేదు, ఒప్పుకోవాల్సిందే.

కానీ కీపర్ అసలు డ్యూటీ వికెట్ల వెనక కదా! 2021లో కాన్పూర్‌లో సాహాకు మెడ పట్టేస్తే, సబ్‌స్టిట్యూట్‌గా దిగిన భరత్ స్పిన్నర్ల బౌలింగ్‌లో రెండు క్యాచ్‌లు పట్టి, ఒక స్టంపింగ్ చేశాడు. బ్యాటింగ్ రాదనుకుంటే అదీ తప్పే. 2015లో గోవాపై 308 కొట్టి, రంజీలో ట్రిపుల్ సెంచరీ చేసిన మొదటి వికెట్ కీపర్ అయ్యాడు.

2024లో ఇంగ్లండ్‌తో రెండు టెస్టులయ్యాక, రాజ్‌కోట్‌లో ధ్రువ్ జురెల్‌కు చోటిచ్చారు. సెప్టెంబరులో పంత్ తిరిగొచ్చి చెన్నైలో 109 కొట్టాడు. డ్యూటీ అసలు మనిషికే చేరింది.

పన్నెండు ఇన్నింగ్స్‌లో ఒక్క యాభై పడినా కథ వేరే ఉండేదేమో. అది భరత్ లోటే. అయినా ఏడు మస్టర్ల మనిషిని పర్మినెంట్ మనిషి తట్టతో కొలవడం మాత్రం న్యాయం కాదు.